నీళ్లు చూసే పెద్దాయన "ష్యూర్"

మా ఉదయగిరి మెట్టల్లో బోరు పాయింట్లు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని, చెప్పుల్లేకుండా చేలో నడిచేవాడు. టెంకాయ లేచి నిలబడిన చోట ఆగి, రైతు మొహంలోకి చూసి "ష్యూర్" అనేవాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు అదొక్కటే.

మా నాయనకు మాత్రం ఆ మాట చెప్పలేదు. కాలితో గీత గీసి వెళ్లిపోయాడు. అక్కడ నీళ్లు పడ్డాయి. పక్క చేలో మా చిన్నాయనకు "ష్యూర్" అన్నాడు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బోరు అప్పు తీర్చడానికి చిన్నాయన గొర్రెల మంద అమ్ముకున్నాడు.

తిడదామనే ఆయన్ని బస్టాండులో నిలదీశాను.

"ష్యూర్ అంటే ఏందో తెలుసా నీకు?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "మీ నాయన నన్నేం అడగలా అబ్బయ్యా. మీ చిన్నాయన నా చెయ్యి పట్టుకొని, నీళ్లు పడతాయా అని మూడుసార్లు అడిగినాడు. అట్టా అడిగినోడికి ఏం చెప్పమంటావు?"

తిట్టలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు ఆత్మకూరు బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. మొన్న బోర్డు మీద "ష్యూర్" అనే మాటకెదురుగా "ఖచ్చితం" అని రాసి, దాన్నే చూస్తూ నిలబడిపోయాను. ముందు బెంచీ పాప "దానర్థం అంతేనా సార్?" అంది.

"ష్యూర్" అన్నాను. అడిగింది కదా.