గోలెం అడుగున బగారాకు

చలికాలం వస్తే మా ఇంట్లో అందరికీ రగ్గులుంటాయి. సుక్కకు మాత్రం రెండు గోనెసంచులు కలిపి కుట్టిన కోటు ఉంటుంది. సుక్క అంటే మా అత్త బీరమ్మ బర్రె. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి "మన బర్రె" అని నోరు జారాను. "పాలు తాగేటప్పుడు మనది, పెండ తీసేటప్పుడు నాదా?" అంది మా అత్త. మరుసటి రోజు నుంచి పెండ తట్ట నాకూ ఒకటి దొరికింది.

నుదుటి మీద తెల్లమచ్చతో ఈ కొట్టంలోనే పుట్టింది గనుక దానికి సుక్క అని పేరు. దాని తల్లి కూడా ఇక్కడే పుట్టిందట. ఒకప్పుడు మా ఊరు కనకమామిడిలో మా కొట్టం వెనక నుంచి వాగు దాకా మేత ఉండేదని మా అత్త చెబుతుంది. ఇప్పుడు మా అరెకరానికి రెండు దిక్కులా ఫామ్‌హౌసుల గోడలే. గోడల అవతల పచ్చగడ్డి బాగానే ఉంటుంది గానీ అది బర్రెలు తినడానికి కాదు, పట్నం వాళ్లు చెప్పులు విడిచి నడవడానికి.

డిసెంబరు వచ్చిందంటే మా అత్త కోడికన్నా ముందు లేస్తుంది. నేను లేచేసరికి కొట్టంలో తడి మీద బూడిద చల్లి ఉంటుంది. పిడకల మీద వేపాకు వేసి పొగ పెట్టి ఉంటుంది. మేకపిల్లలు గంప కింద నుంచి వంటింట్లోకి వచ్చి నా పొయ్యి పక్కన పడుకుని ఉంటాయి. వాటిని దాటుకుంటూ చాయ్ పెట్టుకోవాలి నేను. "జర చూసి నడువు బిడ్డా, చలికి వణుకుతున్నయ్" అంటుంది. కోడలు వణికితే అడిగే దిక్కు లేదు.

అన్నిటికంటే పెద్ద పని కుడితి. కొట్టం ముందు ఒక రాతి గోలెం ఉంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, ఇంట్లో ఎవరి చేతిలో ఏది ఉంటే అది అందులో పోస్తాం. ఒకరినొకరు అడిగేదేం ఉండదు. చలికాలంలో చల్లటి కుడితి తాగితే బర్రె కడుపు మొద్దుబారుతుందని మా అత్త తెల్లవారకముందే నీళ్లు కాచి, తవుడు, ఉప్పు వేసి ఆ గోలెంలో పోస్తుంది. పోశాక మోచేతి దాకా చేయి పెట్టి కలుపుతుంది. పిన్నీసు, ప్లాస్టిక్ ముక్క, ఏదున్నా ఆ చేతికి తగలాల్సిందే. అయితే ఈ నెలల్లో ఆమె చేతులు బీటలు వారతాయి. ఉప్పునీళ్లు తగిలితే ప్రాణం పోయినంత మంట. అందుకని చలి ముదిరాక కట్టెతో కలుపుతుంది.

మా మామ స్వామిదాసు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసులో తోటమాలి. పొద్దున టీవీఎస్ మీద పోయి సాయంత్రానికి వస్తాడు. ఫంక్షన్ ఉంటే అక్కడే పడుకుంటాడు. ఆ ఫామ్‌హౌసు సారుకు తోటమాలి ఒక్కడు చాలడట, ఆలుమగలిద్దరూ వచ్చి గేటు పక్క గదిలో ఉండాలట. కొత్త సంవత్సరం లోపల చెప్పకపోతే వేరే జంటను చూసుకుంటానన్నాడు. ఆ గదిలో మంచం, ఫ్యాను, గ్యాసు పొయ్యి అన్నీ ఉన్నాయి. పశువులు మాత్రం వద్దన్నాడు, వాసనొస్తుందని.

"సుక్క ఈనినంక చూద్దాం" అంది మా అత్త. సుక్క అప్పుడు నిండు చూడితో ఉంది, జనవరి చివర ఈనాలి. ఈనితే ఇంటి నిండా పాలు, ఇంకో దూడ, ఇంకో ఏడాది ఈ కొట్టం. ఆమెకు కావలసింది అంతే. నా భర్త జయరాజ్‌కు మాత్రం ఆమె మాట వింటేనే ఒళ్లు మండేది. అతను కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సెక్కుతుంటే పెండ వాసన వస్తుందని గొణుగుతాడు. "గీ బర్రె ఉన్నన్ని దినాలు నువ్వు కదలవు అవ్వా. అమ్ముదాం" అని అతను, "నన్ను అమ్ము ముందుగాల" అని ఆమె. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

మా మామ ఈ గొడవలో ఎవరి వైపూ మాట్లాడడు. అసలు ఏ గొడవలోనూ మాట్లాడడు. ఆయన బాధల్లా అన్నం. కంచం బయట మెతుకు పడితే ఏరుకుని తింటాడు. ఫామ్‌హౌసులో ఫంక్షన్ అయిపోయాక డేగిసాలకు డేగిసాలు అన్నం పారబోస్తుంటే చూడలేక ఒకసారి బగారా అన్నం బకెట్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. జయరాజ్ గల్లీలో పదిమందీ చూస్తుండగా ఆ బకెట్ లాక్కుని కుక్కలకు బోర్లించాడు. "మనం ఎంగిలి తెచ్చుకునేటోళ్లమా బాపూ? నేను నౌకరి చేస్తలేనా? ఇంకోసారి తెచ్చినవంటె ఈ ఇంట్ల నీకు నాకు మాటల్లేవు" అన్నాడు. మామ ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు. నా భర్త మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఈసారి కార్తీకంలో పడ్డ వాన మా జొన్న చొప్పనంతా నల్లగా చేసింది. బూజు పట్టిన చొప్ప చూడి బర్రెకు పెట్టకూడదని మా అత్త మంచి కట్టలు ఏరి ఏరి పొదుపుగా వేసేది. సుక్క డొక్కలు కనబడుతున్నాయని రోజూ దిగులే. ఆ దిగులు మామ కూడా వింటూనే ఉన్నాడు.

క్రిస్మస్ ఇంకా రాలేదు. ఫామ్‌హౌసులో ఎవరిదో నిశ్చితార్థం జరిగింది. మామ మరునాడు మసక చీకట్లో ఇంటికి వచ్చాడు. నేను రగ్గులో ఉండి టీవీఎస్ చప్పుడు విన్నాను. కొట్టం వైపు నుంచి లోపలికి వచ్చి పడుకున్నాడు. కాసేపటికి మా అత్త కాగిన నీళ్లు గోలెంలో పోసి, తవుడు వేసి, కట్టెతో కలిపి సుక్కను విప్పింది. అది ఎప్పటికన్నా ఇష్టంగా తాగుతోందని నాతో సంతోషంగా చెప్పింది కూడా.

ఎండ గోడెక్కేసరికి సుక్క నెమరు వేయడం ఆపేసింది. మేత ముట్టలేదు. ఎడమ డొక్క ఉబ్బి బిగుసుకుంది. పళ్లు కొరుకుతూ మూలిగి, ముందుకాళ్లు మడిచి కూలబడింది. మా అత్త దాని కడుపు మీద చెయ్యి వేసి చూసి గోలెం దగ్గరకు పరుగెత్తింది. ఈసారి చేయి పెట్టింది. అడుగు నుంచి గుప్పెడు తెల్లటి అన్నం వచ్చింది, దాంతోపాటు బగారా అన్నంలో వేసే పొడవాటి ఆకు, బగారాకు ఒకటి. మా ఇంట్లో బగారా వండి నెల దాటింది.

ఆ ఆకు ఎక్కడిదో ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది. కొడుకు కంటబడకుండా మామ ఫంక్షన్‌లో మిగిలిన అన్నం తెచ్చి నేరుగా గోలెంలో కుమ్మరించాడు. డొక్కలు తేలిన బర్రెకు కడుపు నిండుతుంది, అన్నం మట్టిపాలు కాదు అనుకున్నాడు. పిడికెడు అన్నమైతే బర్రె అరిగించుకుంటుంది. అంత అన్నం ఒక్కసారి లోపలికి పోతే పులిసి కడుపులో విషమవుతుంది. కట్టెకు తగిలిన ముద్దను మా అత్త తవుడే అనుకుంది. ఆమె ఆకును నా ముందే పొగ కుంపట్లో పడేసింది.

"మామను లేపనా అత్తా?" అన్నాను.

"పండుకోనీ. డాక్టర్‌కు ఫోన్ చెయ్యి."

చేవెళ్ల నుంచి పశువుల డాక్టర్ వచ్చేలోపు మేమిద్దరం తినే సోడా నీళ్లలో కలిపి వెదురు గొట్టంతో తాగించాం. మా అత్త పిడికిళ్లతో దాని డొక్క పిసుకుతూనే ఉంది. బీటలు వారిన చేతుల నుంచి నెత్తురు వస్తున్నా ఆపలేదు. "ప్రభువా, దీని పానం నా మీదికి రానీ" అని ఒకటే జపం. ఆ అలజడికి మామ లేచి వచ్చాడు. సుక్కను చూశాడు, గోలెం చూశాడు, గుంజ పట్టుకుని నిలబడిపోయాడు. డాక్టర్ ఇంజెక్షన్లు ఇచ్చి, సెలైన్ పెట్టి, "రేపు లేచి నిలబడితే బతికినట్టే. కడుపులో దూడ సంగతి ఇప్పుడే చెప్పలేనమ్మా" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం జయరాజ్ డ్యూటీ నుంచి వచ్చాడు. డాక్టర్ చెప్పింది గల్లీలోనే విన్నట్టున్నాడు, బ్యాగ్ దించకుండానే అడిగాడు. "గింత అన్నం ఎవలు పోసిండ్రు దీనికి?"

మామ తల వంచుకున్నాడు. ఆయన పెదాలు కదలడం నేను చూశాను. మాట బయటికి వచ్చేలోపే మా అత్త అందుకుంది.

"నేనే. చర్చిల మిగిలిన అన్నం తెచ్చి పెట్టిన. చీకట్ల ఎంత పోసిన్నో చూసుకోలే."

"కండ్లు కనవడనప్పుడు ఎందుకవ్వా నీకు ఈ గొడ్లు?" అని జయరాజ్ అరిచాడు. మామ వైపు చూశాను నేను. ఇప్పుడైనా చెబుతాడని చూశాను. ఆయన కొట్టం వెనక్కి వెళ్లిపోయాడు. ఆయన మీద జాలి ఉన్నమాట నిజమే గానీ, ఆ క్షణం గోలెంలో నీళ్లు ఆయన నెత్తిన కుమ్మరించాలన్నంత కోపం వచ్చింది.

మరునాడు పొద్దున సుక్క లేచింది. కాళ్లు వణుకుతూ లేచి నిలబడి, ఒళ్లు విదిలించి, నోరు కదిపింది. మా అత్త దాని దవడ దగ్గర చెవి పెట్టి విని "నెమరేస్తున్నది, జ్యోతీ, నెమరేస్తున్నది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కడుపు మీద చెయ్యి పెడితే లోపల దూడ తన్నింది. ఇద్దరం గోనెసంచి కోటు కప్పి దాని పక్కనే కూర్చున్నాం. ఆ చలికాలంలో మాకు దక్కిన మంచి పొద్దు అదొక్కటే.

నా భర్త మాత్రం బర్రె బతికిందని సంతోషపడుతూనే తీర్పు చెప్పేశాడు. "ఈసారి బతికింది. మల్ల నువ్వు ఏం పోస్తవో తెల్వదు. ఈనకముందే అమ్ముదాం. సారుకు ఫోన్ చేస్త, ఇద్దరు పోండ్రి" అన్నాడు. అప్పటిదాకా అతని చేతిలో సరైన సాకు లేదు. మా అత్తే ఇచ్చింది. నిజం ఒక్క మాట చెబితే సుక్క ఉండిపోయేది. ఆమె మామ వైపు ఒకసారి చూసింది. మామ నేల వైపు చూస్తున్నాడు. "మంచిది" అంది మా అత్త, లేచి పెండ ఎత్తడానికి పోయింది.

నేను వెనకే పోయాను. "నీకేమన్న పిచ్చా అత్తా? మామ చెప్పకుంటె నేను చెప్త."

"నా మీద ఒట్టు జ్యోతీ. నీ మొగడు మొన్న బకెట్ బోర్లించినప్పుడు నీ మామ మొఖం చూసినవా? ఇది గిట్ల తెలిస్తె ఆయన ఈ ఇంట్ల మల్ల అన్నం ముడుతడా?"

"మరి నీ సుక్క?"

ఆమె తట్ట నెత్తికెత్తుకుంది. "బర్రె యాడున్నా బతుకుతది" అంది. ఒట్టు పెట్టించుకుంది గనుక జయరాజ్‌కు ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

సుక్కను శంకర్‌పల్లి వైపు ఒక రైతు కొన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఆటో ట్రాలీ ఎక్కించాక మా అత్త గోనెసంచి కోటు ఊడిన చోట కుట్టి దానికే కట్టింది. "కుడితి వేడిచేసి పొయ్యాలె తమ్మీ. చేత్తోనే కలుపు, కట్టె పెట్టకు" అని అతనికి రెండుసార్లు చెప్పింది. మేకలు మా దగ్గరే ఉన్నాయి. గోలెం కూడా ఉంది. బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలో నాకు కొన్నాళ్లు తెలియలేదు.

కొత్త సంవత్సరం అయిన వారానికి నేను కూర వండుకుని అజీజ్‌నగర్ పోయాను. ముందు రోజే ఏదో ఫంక్షన్ జరిగినట్టుంది. లాన్ నిండా కాగితం పళ్లాలు పడి ఉన్నాయి. మా అత్త ఎవరిదో పాత స్వెట్టర్ వేసుకుని ఊడుస్తోంది. నన్ను చూసి నవ్వి, చేతులు చూపించింది. "చూడు, పగుళ్లన్ని మానినయ్" అంది.

అవతల వంటల షెడ్డు దగ్గర మామ డేగిసా అడుగున మిగిలిన అన్నాన్ని గరిటెతో గీకి డ్రమ్ములోకి ఎత్తుతున్నాడు. ఒక్క మెతుకు కింద పడకుండా, ఎప్పటిలాగే శ్రద్ధగా. డ్రమ్ము నిండాక మూత పెట్టి, రెండు చేతులతో ఎత్తుకుని, టీవీఎస్ ఉన్న గేటు వైపు నాలుగు అడుగులు వేశాడు.

మా అత్త ఊడవడం ఆపింది. ఆ పొద్దు నుంచి ఆ రోజు వరకు ఆలుమగల మధ్య ఆ అన్నం ఊసే రాలేదని నాకు తెలుసు.

"ఇగ ఎవలకు పోస్తవయ్యా?" అని అడిగింది.

మామ అక్కడే ఆగిపోయాడు. డ్రమ్ము దించలేదు, ముందుకూ పోలేదు, పొట్టకు ఆనించుకుని మా అత్త వైపు చూస్తూ నిలబడ్డాడు. "బీరమ్మా" అన్నాడు. ఆమె అప్పటికే అటు తిరిగి చీపురు అందుకుంది.