టీచరమ్మ కారు

వీధిలో అందరూ ఆమెను డ్రైవింగ్ టీచరమ్మ అనేవారు. ఎడమకాలు చచ్చుబడి క్లచ్ తొక్కలేకపోయాక, మెకానిక్ అయిన భర్త ఒక పాత కారులోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తీసి ఆమె కారుకు బిగించాడు. కానీ ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ మాత్రం ఆమె కారుదే. అది ఈ గేర్‌బాక్స్‌ను గుర్తించలేదు. కారు ఒకే గేరులో మూలుగుతూ కదిలేది.

"దీనికి జత కుదిరే కంప్యూటర్ పెట్టాలి. వచ్చేవారం చూస్తాలే," అన్నాడు.

తీరా ఆ కంప్యూటర్ దొరికాక దాన్ని, తొందరపెడుతున్న ఒక కస్టమర్ కారుకు పెట్టేశాడు.

"మనది ఇంట్లోదేగా, ఎక్కడికి పోతుంది?"

నేర్చుకునేవాళ్లు కొన్నాళ్లు ఫోన్లు చేసి, తర్వాత మానేశారు. అతను కడిగిన విడిభాగాలను ఆ కారు బానెట్ మీదే ఆరబెట్టుకునేవాడు.

ఏడాది తిరిగాక ఇంకో కంప్యూటర్ తెచ్చి, గేర్‌బాక్స్‌కు తగ్గట్టు ప్రోగ్రామ్ చేసి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వీధి చివరిదాకా నడిపి వచ్చింది. గేర్లు మారుతున్నట్టే తెలియలేదు.

"ఎలా ఉంది?" అని మురిసిపోతూ అడిగాడు.

"చాలా బాగుంది. ఇప్పుడు ఎవరికి నేర్పమంటారు?"

అతను బానెట్ ఎత్తి, చూడాల్సిందేమీ లేకపోయినా లోపలికి చూస్తూ నిలబడ్డాడు.