కత్తెర కింద పెళ్ళి చీర

ఇది జరిగిననాటికి నాకు ఒక్క అక్షరం రాదు. అరవై దాటాక నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను.

సికింద్రాబాద్ స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూంలో ఊరినుంచి వచ్చే చుట్టాల కోసం చూస్తున్న నా ఎదురుగా ఒక తల్లీ కూతురూ కూర్చున్నారు. తల్లి సంచిలోంచి ఎర్రటి పట్టుచీర తీసి, కొంగును రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కూతురు దాన్ని కత్తెరతో కత్తిరించసాగింది.

"ఏందమ్మా, పిచ్చి గిట్ల పట్టిందా? పెళ్ళి చీర లెక్కుంది!" అని అరిచాను.

"నా పెళ్ళిదే అక్కా," అంది తల్లి.

"నా ఎమ్మెస్సీ ఈ పాత నేత మీదనే ఆంటీ," అంది కూతురు. "ఇప్పుడు నేసేటోళ్ళు లేరు. ముక్కల్ని ఇయ్యాల్నే కాలేజీల మిషన్‌కు పెట్టి, తెగేదాక గుంజి, ఎంత గట్టిగుందో రాయాలె. లేకుంటే డిగ్రీ ఇయ్యరు."

"ఇన్నేండ్లు దాచింది గుంజి చింపనీకా?"

తల్లి నవ్వింది. "పెట్టెల ఉంటే పురుగులు తింటయి. వాటికి డిగ్రీ ఇస్తరా అక్కా?"

కత్తెర జరీ అంచు దాటేటప్పుడు మాత్రం ఆమె కళ్ళు మూసుకుంది. చేతుల బిగి సడలలేదు.

మర్నాడు పొద్దున్నే పెట్టె తెరిచి నా పెళ్ళి చీర తీశాను. కత్తిరించే ధైర్యం నాకు లేదు. అదే కట్టుకుని మోండా మార్కెట్‌కు వంకాయలకు వెళ్ళాను.