కోరుట్లలో మా మొదటి కంప్యూటర్

మొన్న మా బిడ్డ జగిత్యాలలో తన ఆఫీసు కోసం కొత్త ల్యాప్‌టాప్ తెప్పించుకుంది. అట్టపెట్టె విప్పి, మూత తెరిచి, చాయ్ చల్లారేలోపే పనిలో పడిపోయింది. నేను మాత్రం పెట్టెలో ఇంకేమైనా వైర్లు మిగిలాయేమోనని వెతుకుతూ కూర్చున్నాను. ఆ వెతుకులాట ఎందుకో మన కాలం వాళ్లకు చెప్పనక్కరలేదు.

కోరుట్లలో తహసీల్ ఆఫీసు దగ్గర చిన్న గదిలో టైపు మిషన్ పెట్టుకుని నేను దరఖాస్తులు, బడుల ప్రశ్నపత్రాలు కొట్టేదాన్ని. మా ఆయన కల్లు గీసేవాడు. ఒక వానాకాలం తాటిచెట్టు మీంచి జారిపడి నడుము దెబ్బతిన్నాక మళ్లీ చెట్టెక్కలేకపోయాడు. ఇంట్లో మాట్లాడటం కూడా తగ్గించేశాడు. సరిగ్గా అప్పుడే బడుల వాళ్లు ప్రశ్నపత్రాలు కంప్యూటర్ మీదే కావాలనడం మొదలుపెట్టారు, నా గడప తొక్కేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇక తప్పదని జగిత్యాల వెళ్లి కంప్యూటర్ కొన్నాం. ఆ లావుపాటి మానిటర్‌ను ఆయన బస్సులో చంటిపిల్లలా ఒడిలో పెట్టుకుని, ప్రతి గుంతకూ రెండు చేతులా అదుముకుంటూ తెచ్చాడు; నడుము నొప్పి సంగతి ఆ రోజు ఆయనకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

దుకాణం వాళ్లు కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి వైర్లన్నీ కలిపి, కుంకుమ బొట్టు పెట్టి మీట నొక్కితే, పెట్టెలో ఫ్యాన్ తిరిగింది గానీ తెర నల్లగానే ఉండిపోయింది. ఫోన్ చేస్తే మనిషి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. మర్నాడే ఒక బడికి ప్రశ్నపత్రం ఇస్తానని మాటిచ్చి ఉన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనేమో వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి కిటికీ వెలుగులో చూడసాగాడు. ఉన్నది కూడా పాడవుతుందని నా భయం.

"నువ్వు ముట్టకయ్యా, మెకానిక్ అచ్చి సూస్తడు," అన్నాను.

"ఏడ్వకు. గిటు సూడు, తెర వైరు మూతిల గీ సన్న పుల్లలు రెండు వంగినయి. నీ పిన్నీసు ఇయ్యి," అన్నాడు.

కల్లు కోసం తాటిగెలను పలుచగా చెక్కడం తెలిసిన ఆ వేళ్లు, పుల్ల విరగకుండా రెంటినీ మెల్లగా నిలబెట్టాయి. వైర్లన్నీ మళ్లీ కలిపి మీట నొక్కితే తెర వెలిగింది. చెట్టు మీంచి పడ్డాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

ఆ కబురు బజారంతా పాకింది. అక్కడా ఇక్కడా అడిగి నేర్చుకుంటూ, బుగ్గారంలో ఎరువుల దుకాణానికీ, సిరిసిల్లలో చీరల వ్యాపారి ఇంటికీ కంప్యూటర్లు బిగించేదాకా వెళ్లాడాయన. అప్పుడప్పుడు నేనూ వెంట వెళ్లి తెలుగు టైపు నేర్పేదాన్ని. వెళ్లినచోటల్లా కొబ్బరికాయ కొట్టేవారు, వీధివాళ్లు చుట్టూ మూగేవారు, అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. సిరిసిల్లలో ఆ వ్యాపారి తల్లి, మౌస్ పట్టుకునే ముందు చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుని వచ్చింది.

ఇప్పుడు ఎవరి వస్తువు వాళ్ల గుమ్మానికే వస్తుంది, దాని పని అదే చూసుకుంటుంది. మంచిదే, కాదనను. కానీ ముక్కూమొహం తెలియని ఎన్ని ఇళ్లలో మేమిద్దరం పీటలేసుకుని తిన్నామో తలచుకుంటే, ఇవాళ ఆ తలుపులు తట్టడానికి మాకు ఒక్క పనీ మిగల్లేదు కదా అనిపిస్తుంది.