రాసింది రాసినట్టే తిరిగిన ఫ్యాన్లు

మా ఆయనకు మనుషుల మాట కన్నా ల్యాప్‌టాప్ మాట మీద గురి ఎక్కువ. ఇది చాడీ కాదు, మా ఊరు కామసముద్రం అంతా తెలిసిన సంగతే. బెంగళూరు కంపెనీకి మా మిద్దె మీద నుంచే పని చేస్తారు. ఆ పనేమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఏది జరిగితే యంత్రం ఏం చెయ్యాలో వరసగా రాసిపెట్టిన దాన్ని వర్క్‌ఫ్లో అంటారు. ఏఐ ఏజెంటు అడగ్గానే ఆ రాసినదాన్ని వెతికి తెచ్చి దాని ముందు పెట్టే టూల్ ఒకటి ఈయన తయారు చేశారు. ఏజెంటు చదివి మనకు వివరిస్తుంది. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ తెలియని మనిషి వెతికిపెట్టే టూల్ చేశారంటే మెచ్చుకోవద్దా మరి.

ఆ టూలును పరీక్షించడానికి ఆయనకు లోకంలో ఇంకేమీ దొరకలేదు, నా పట్టుపురుగుల షెడ్డే దొరికింది.

ఆ షెడ్డు నాది. మల్బరీ కొమ్మలు నాటింది నేను, ఆకు కోసి మేపేది నేను. ఈ ఇంట్లో ఇది నాది అని గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే. ఇంతకు ముందు పురుగుల పంటలు రోగాలొచ్చి వరసగా పోయాయి. మా మామ తేల్చి చెప్పేశాడు.

"ఈ తూరి కూడా పోతే మల్బరీ పీకేసి నీలగిరి చెట్లు నాటేస్తానమ్మా. ఇంగ నా చేత కాదు."

నీలగిరికి మేత అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. అందుకే చిన్న పురుగులను తెచ్చి తట్టల్లో పరిచిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు.

మా ఆయన గోడకు తేమ కొలిచే పెట్టె బిగించారు. తేమ ఎక్కువైతే ఫ్యాన్లు వాటంతట అవే తిరుగుతాయి, తగ్గితే ఆగుతాయి. ఆయన రాసిపెట్టిన వర్క్‌ఫ్లో అదే. "ఇంగ స్విచ్చులెందుకు?" అని గోడ మీదున్నవి కూడా ఊడదీసేశారు. ఏం దూరదృష్టి!

అంతలో ఆయుధపూజ వచ్చింది. మా అత్త కొడవలి నుంచి మిక్సీ దాకా ఇంట్లో ఉన్న ప్రతిదానికీ కుంకుమ పెట్టింది. ల్యాప్‌టాపుకూ పెట్టింది. కొత్త యంత్రమని ఆ తేమ పెట్టెకు మరీ ఘనంగా చేసింది. పురుగుల దగ్గర ఊదుబత్తి పొగ పనికిరాదు కాబట్టి ఆ లోటు పూలతో తీర్చింది. రాబర్ట్‌సన్‌పేట నుంచి తెప్పించిన చామంతి దండను పెట్టె కనబడకుండా చుట్టి, పూలు వాడిపోకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించింది. మేమందరం దాని ముందు నుంచి పోతూ దండను తాకి కళ్లకు అద్దుకున్నాం.

ఆ రోజు మొదలు ఫ్యాన్లు ఆగలేదు. నేను ఆకు వేసి వెనక్కి తిరిగేలోపే వడిలిపోతోంది. ఎండిన ఆకును పురుగు ముట్టదు. తలలు ఎత్తి అలాగే ఉండిపోతున్నాయి.

"ఫ్యాన్లు నిలపండి, పురుగులు పస్తుండాయి," అని మిద్దెక్కి అరిచాను.

ఆయన తాపీగా ఏజెంటును అడిగారు. అది వర్క్‌ఫ్లో తెప్పించుకుని చదివి, అంతా రాసినట్టే జరుగుతోందని జవాబిచ్చింది. తేమ ఎక్కువగా ఉంది, అందుకే ఫ్యాన్లు తిరుగుతున్నాయట.

"చూసినావా, కరెక్టుగా ఉండాది. నువ్వు ఊరికే గాబరా పడతావు."

"షెడ్డులోకి వచ్చి చూడండి."

"చూసేదేముండాది? రాసిపెట్టిన డెఫినిషనే చెప్తాంది కదా!"

మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. మధ్యాహ్నానికి తట్టల అంచుల్లో పురుగులు చచ్చి పడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. స్టూలు వేసుకుని ఫ్యూజు పీకడానికి చెయ్యి చాపాను. ఫ్యూజు పక్కనే ఉన్న దండ చేతికి తగిలి, చల్లటి నీళ్లు మోచేతి మీదుగా కారాయి. పూలు పక్కకు తీస్తే పెట్టె ఒళ్లంతా తడి. షెడ్డంతా ఎండిపోతుంటే అదొక్కటే వానాకాలంలో ఉంది.

ఫ్యూజు పీకేశాను, దండా తీసేశాను. పాపం అత్త చెంపలేసుకుంది, దేనికో నేను అడగలేదు.

సగం పురుగులు పోయాయి. బుట్టకెత్తి పెంటగుంత దగ్గరికి మోసుకుపోతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకునే వెనకాల వచ్చారు. టూల్‌లో తప్పేమీ లేదని, వర్క్‌ఫ్లో మొత్తం సరిగ్గానే తెచ్చిందని చదివి వినిపిస్తున్నారు. నన్ను ఓదార్చడమే అది, ఆయనకు తెలిసిన పద్ధతిలో.

గుంత గట్టున మామ నిలబడి ఉన్నాడు. బుట్టలోకి చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"ఏమప్పా, నీలగిరి మొక్కలకు చెప్పేదా, వద్దా? నీ ల్యాప్‌టాపును అడిగి చెప్పు."

ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. నేను బుట్ట కింద పెట్టి కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"నన్ను అడుగు మామా," అన్నాను.

అడిగాడు. ఇందాకే ఆ మల్బరీ తోటలో ఆకు కోసుకొచ్చి, మేత వేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.