ముష్టి ఉద్యోగం

ఫోను ఒక వస్తువు కాకుండా ఇంట్లో ఓ పెద్దమనిషిలా బతికిన కాలం ఒకటుండేది. దానికి గుడ్డ కప్పేవాళ్లు, పక్కన ఓ కుర్చీ వేసేవాళ్లు, అది మోగితే పరిగెత్తేవాళ్లు. తొంభైల చివర్లో, రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్న నన్ను అలాంటి ఫోను ఒకదాని ముందు కూర్చోబెట్టి జీతమిస్తామన్నారు. అరకులోయలో ఓ చిన్న ధర్మాసుపత్రి వరండా అది. చుట్టుపక్కల కొండల్లో ఎవరైనా విషం మింగినా, పాము కరిచినా, పురుగుమందు కంట్లో పడినా ఆ నంబరుకి ఫోను చేస్తారు. అప్పుడు నేను ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో చెప్పి, మనిషిని ఆస్పత్రికి రప్పించాలి. ఈ పనికి నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, ఇంటర్వ్యూకి చేరింది నేనొక్కణ్ణే (రెండో అభ్యర్థి ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు పట్టుకుని దారిలోనే దిగిపోయాడట).

మా నాన్నకి ఇది నచ్చలేదు. "ఆ ముష్టి ఉద్యోగం మానేసి వచ్చి, మీ మేనమామ పురుగుమందుల కొట్లో కూర్చో" అని ఉత్తరం రాశాడు. అంటే విషం తిన్నవాళ్లకి దారి చెప్పడం మాని, విషమే అమ్ముకోమని. ఆస్పత్రి నడిపే పెద్ద డాక్టరుగారు కూడా పెద్ద ఆశలేం పెట్టుకోలేదు. "మూడు నెలలు చూద్దామయ్యా. ఒక్క నిజమైన కేసుకైనా ఇది పనికొస్తే ఉంచుదాం. లేదంటే ఫోను కళ్ల వార్డుకి, నువ్వు మీ మావయ్య కొట్టుకి" అన్నారు. నా భవిష్యత్తు గురించి అంత క్లుప్తంగా మళ్లీ ఎవరూ చెప్పలేదు.

మొదటి రెండు నెలల్లో ఫోను మోగలేదని చెప్పను. మోగింది. విశాఖ వెళ్లే బండి ఎంత లేటని అడిగారు. సంతలో టమాటాలు ఎలా ఉన్నాయని అడిగారు. నేను మర్యాదగా "నమస్కారమండీ, విష కేంద్రం" అనగానే "అమ్మో" అని పెట్టేశారు. మిగతా సమయంలో వర్షానికి లైను తెగిపోయి, ఫోనూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. మా నర్సుని అందరూ సిస్టరమ్మ అనేవారు. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద, నోరు ఇరవయ్యేళ్లు పెద్ద. ఒకరోజు ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని వెళ్తూ నా ముందు ఆగింది.

"ఏటి బాబూ, చేప కోసం కొంగ సూసినట్టు ఆ ఫోను కేసి సూత్తన్నావు?"

"ఒక్క కేసు, సిస్టరమ్మా. ఒక్కటొస్తే చాలు."

"అంటే ఎవుడో ఒకడు ఇసం తాగాలని మొక్కుతున్నావన్నమాట. బాగుంది. ఏ దేవుడికేటి, సెప్పు, నానూ ఓ కొబ్బరికాయ కొడతాను."

ఆ మాట నిజంగానే గుచ్చుకుంది. నా ఉద్యోగం నిలబడాలంటే ఎవరో ఒకరు పడిపోవాలి. ఆ సంగతి నాకు అంతవరకూ తట్టలేదు (పట్టాలో ఆ పాఠం లేదు). అప్పటినుంచి ఫోను మోగాలని మొక్కడానికీ భయమే, మోగకూడదని మొక్కడానికీ భయమే. రెంటికీ మధ్యలో కూర్చుని పల్లీలు తినేవాణ్ణి.

లోపం ప్రచారంలో ఉందని నిర్ణయించుకుని, గేటు దగ్గర పెద్ద బోర్డు రాయించాను. ఎన్నికల గోడలు రాసే పెయింటరు దొరికాడు. పుర్రె బొమ్మ వేయమంటే, అలవాటు కొద్దీ దానికి ఓట్లడిగే చిరునవ్వు పెట్టాడు. 'విష' అని ఒక గజం వెడల్పున రాశాడు, చివర 'కేంద్రం' అని మరో గజం. మధ్యలో మిగిలిన జానెడు జాగాలో 'సమాచార' అన్న మాటని, దగ్గరికి వెళ్లి ముక్కు ఆనిస్తే కనిపించేలా ఇరికించాడు. నేను దూరం నుంచి చూసి తృప్తిపడ్డాను. పక్క గేటుకి అడవి సరుకు కొనే సొసైటీ డిపో ఉందనీ, దాని బోర్డు మీద కూడా చివరి మాట 'కేంద్రం' అనే ఉందనీ, ఈ కొండల్లో ఆ మాట కనిపిస్తే బుట్ట దించడం ఆనవాయితీ అనీ నాకు తోచలేదు.

శుక్రవారం సంత. పొద్దున తొమ్మిదింటికల్లా వరండా ముందు వరస కట్టారు. బుట్టలు, గోనెలు, అడ్డాకుల పొట్లాలు. అందరికంటే ముందు ఒక ముసలావిడ బుట్టెడు బూడిదరంగు పిక్కలు నా బల్ల మీద దించి, కొంగుతో మొహం తుడుచుకుంది. సంతలో ఆవిణ్ణి పిక్కల మామ్మ అంటారు.

"ఇసం కొంతారంట కదా బాబూ. తెచ్చినాను. రేటేటి?"

"కొనం మామ్మా. మేం విషం గురించి చెబుతాం, అంతే."

"సెప్పడానికి బోర్డెందుకు? నానూ సెప్తాను, నాకు బోర్డుందేటి?"

వెనక నుంచి ఎవరో, "ఆ పుర్రి నవ్వుతుంటే మంచి రేటే ఇత్తారనుకున్నాం" అన్నారు. వరసంతా నవ్వింది. లోపల సిస్టరమ్మ గోడ పట్టుకుని నవ్వింది. నేను పరువు కాపాడుకోవడానికి ఒక పిక్క చేతిలోకి తీసుకుని, "ఇవేంటి?" అని గంభీరంగా అడిగాను.

మామ్మ నన్ను జాలిగా చూసింది. "ముసిడి పిక్కలు. సదూకున్నోడివి, తెల్దా?"

పుస్తకాల్లో ముష్టి గింజలంటారు. వాటిలోని విషానికి అణువు ఎలా ఉంటుందో నేను బల్ల మీద సుద్దతో గీయగలను. గింజని మాత్రం చూడటం అదే మొదలు. గుండ్రంగా, బల్లపరుపుగా, రాయిలా గట్టిగా ఉంది. "ఇది తింటే ఏమవుతుంది మామ్మా?" అన్నాను. "నమిల్తే మనిషి దక్కడు. అలాగే మింగేత్తే రాయి మింగినట్టే, ఒకోపాలి ఏటీ అవదు. అలాగని నువ్వు మింగమాక" అంది. ఆ సాయంత్రం డాక్టరుగారిని అడిగితే, "ఆవిడ చెప్పింది చాలావరకు నిజమే, కానీ మింగినా సరే ఆస్పత్రికి రావాల్సిందే" అన్నారు. నేను గోడకున్న ఇంగ్లీషు చార్టు కింద తెలుగులో ఒక్క ప్రశ్న రాసుకున్నాను: నమిలారా, మింగారా? నాన్నకి ఉత్తరం కూడా రాశాను, 'మీరన్నట్టే అక్షరాలా ముష్టి ఉద్యోగం, ఇప్పుడు బుట్టలతో వస్తోంది' అని.

మూడో నెల ఇంకో నాలుగు రోజుల్లో అయిపోతుందనగా, మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. కొండ మీది ఎస్టీడీ బూతు నుంచి ఒక తండ్రి. అరుపుకి ఫోను అవసరం లేదు, కిటికీ తెరిచినా వినిపించేది.

"బాబూ! మా గుంట ముసిడి పిక్క మింగేసింది! వాకిట్లో ఆరబోసినాం! గుండ్రంది, బల్లపరుపుది మింగేసానంటంది!"

నా చేతిలో పల్లీలు కింద పడిపోయాయి. మూడు నెలలుగా వల్లించిన వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. గోడ మీద నేను రాసుకున్న ప్రశ్న మాత్రం కనబడింది. "నమిలిందా, మింగిందా? పాపనే అడగండి."

"నమిలినావేటే?" అని తండ్రి అరిచాడు. సన్నటి గొంతొకటి, విసుగ్గా: "నమల్లేదు. గట్టిగుంది."

ఊపిరి పీల్చుకున్నాను. వాంతి చేయించొద్దన్నాను. ఉప్పునీళ్లు, పేడనీళ్లు, ఏదీ తాగించొద్దన్నాను. మిగిలిన పిక్కలు ఒకటి రెండు పట్టుకుని, పాపని చప్పుడూ కుదుపూ లేకుండా వెంటనే జీపులో తీసుకురమ్మన్నాను (ముష్టి విషం ఎక్కితే చిన్న అలికిడికే మూర్ఛలొస్తాయి).

"కుదుపు లేకుండా జీపులోనా?" అటువైపు అరుపు తగ్గింది. "బాబూ, మీరెప్పుడైనా మా జీపెక్కినారా?"

గంటన్నరలో వచ్చారు. జీపులో పద్నాలుగు మంది, పైన ఇద్దరు. అందరూ, నా మాట మీద గౌరవంతో, నోటికి అడ్డంగా చేతులు పెట్టుకుని ఉన్నారు. తండ్రి మోకాళ్ల దాకా వేలాడే పాత ఉన్ని కోటు వేసుకున్నాడు. ఆయన చంకలో ఐదేళ్ల గుంట జీలుగు బెల్లం చీకుతోంది. డాక్టరుగారు తనని చీకటి గదిలో ప్రశాంతంగా పడుకోబెట్టి పక్కనే కూర్చున్నారు. నేను గది బయట, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆ గంటల్లో ఉద్యోగం సంగతి ఒక్కసారి కూడా గుర్తురాలేదు. కళ్ల వార్డుకి ఫోనే కాదు, కావాలంటే నన్ను కూడా ఇచ్చేస్తాను, ఆ గుంటకి ఏమీ కాకపోతే చాలని మాత్రం మొక్కాను. సాయంత్రానికి గుంట లేచి అన్నం అడిగింది.

రెండోరోజు పొద్దున సిస్టరమ్మ ఒక పింగాణీ పళ్లెం మీద గుడ్డ కప్పి పట్టుకొచ్చింది. "బాబూ, నీ ముసిడి పిక్కొచ్చింది. కడిగినాన్లే, సూడు. దీనికి నాలుగు కన్నాలున్నాయి."

అందరం తండ్రి కోటు కేసి చూశాం. పైనుంచి రెండో గుండీ లేదు.

రిజిస్టరులో 'తిన్న విషం పేరు' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. అబద్ధం రాయలేను, నిజం రాస్తే ఉద్యోగం లేదు. చివరికి 'కోటు గుండీ' అని రాసి డాక్టరుగారి ముందు పెట్టి, పెట్టె సర్దుకోవడం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆయన చాలాసేపు చదివారు (రాసింది రెండే మాటలు).

"అడగాల్సింది అడిగావు, చేయకూడనిది చేయనివ్వలేదు, పిల్లని ఇక్కడికి రప్పించావు. పిక్క నిజమైనా గుండీ అయినా నువ్వు చెప్పాల్సింది అదేగా? ఫోను ఇక్కడే ఉండనీ."

బయట సిస్టరమ్మ తలాడించింది. "నీ దేవుడెవరో గాని గట్టోడే. ఎవుడూ ఇసం తాగకుండానే కేసిచ్చినాడు."

సంగతి సంతకి చేరడానికి రెండు రోజులు పట్టింది. శుక్రవారం పిక్కల మామ్మ మళ్లీ వచ్చి, ఖాళీ బుట్ట నడుముకి ఆనించి, బోర్డు కేసీ నా కేసీ చూసింది. "మరైతే బాబూ, ఇప్పుడు గుండీలు కొంతారా?"

ఆ ఫోను ముందు నాలుగేళ్లు కూర్చున్నాను. నిజమైన విషాలూ వచ్చాయి, వాటి గురించి నవ్వుతూ రాయలేను. ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, చొక్కా గుండీలు వాటంతట అవే ఊడి పారిపోతున్నాయి. ఒకటి కనిపించకపోతే, ఇంట్లో ఉన్నది ఇద్దరమే అన్న సంగతి మరిచిపోయి, "నమిలారా, మింగారా?" అని కంగారుగా అరుస్తాను. "నమల్లేదు, గట్టిగుంది" అని వంటింట్లోంచి మా ఆవిడ జవాబు చెబుతుంది. అప్పుడు నింపాదిగా వంగి, మంచం కింద వెతుక్కుంటాను.