క్రేనక్క పరుపెక్కిన వైనం

ఓడరేవులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ క్రేనక్కే. మేడంత ఎత్తున అద్దాల గదిలో కూర్చుని, కాళ్ళ కింద అద్దంలోంచి కిందికి చూస్తూ, గదంత ఇనప్పెట్టెను ఓడలోంచి లేపి లారీ మీద దించేది. దించినప్పుడు లారీ కదలకూడదు. అదీ ఆమె పట్టుదల. కింద నిలబడి సైగలు చేసే మేస్త్రీ, ఆమె డ్యూటీలో ఉంటే సగం సైగలు మానేసేవాడు.

అలాంటి చేతికి మంచి నిద్ర కావాలి. ఆ నిద్రే ఆమెకు కరువైంది.

భర్త బేకరీలో రొట్టెలు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. కళ్ళు మూశాడంటే మాత్రం వేరే అవతారం. పగలంతా పిండి పిసికిన చేతులు నిద్రలోనూ ఊరుకునేవి కావు. దిండును పిసికేవి, దిండు జారిపోతే ఆమె భుజాన్ని పిసికేవి. పైగా అటూ ఇటూ దొర్లుడు. ఆయన ఒకసారి పక్కకి తిరిగితే స్ప్రింగు పరుపు మొత్తం పడవలా ఊగేది. పెళ్ళైన కొత్తలో నవ్వుకుంది, తర్వాత ఓర్చుకుంది. ఒకనాడు క్రేను మీద కళ్ళు మూతలు పడేసరికి హడలిపోయి, ఆ రోజే నేల మీద చాప పరుచుకుంది.

అలా ఏళ్ళు గడిచాయి. వేరు పడకలు చూసిన చుట్టాలు "మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవా?" అని అత్తగారి చెవి కొరికేవాళ్ళు. "మా కోడలిది ఇనుప నడుము, దానికి పరుపులెందుకు" అని ఆవిడ గొప్పగా చెప్పుకునేది.

ఆ నడుమే ఒక ఉదయం క్రేను నిచ్చెన సగంలో పట్టేసింది. కమ్మీ పట్టుకుని, పళ్ళ బిగువున మెట్టు మెట్టూ దిగింది. చాప వదిలెయ్యమంది డాక్టరమ్మ. ఊగిపోయే స్ప్రింగు పరుపు కూడా వద్దని, ఒంటి ఒంపులకు తగ్గట్టు అణిగే మెమరీ ఫోమ్ పరుపు చూసుకోమంది.

ఫోన్లో చూసి తెప్పిద్దామన్నాడు భర్త. ఆమె ఒప్పుకోలేదు. బరువెంతో తెలియకుండా కొక్కెం తగిలించే అలవాటు ఆమెకు లేదు. సెలవు రోజు మధ్యాహ్నం ఆయన్ని వెంటబెట్టుకుని పరుపుల షాపుకెళ్ళింది. సేల్స్‌మన్ గుణగణాలు వర్ణిస్తుంటే కాసేపు ఆగమని, చెప్పులు విప్పి పరుపు మీద ఒక పక్కన పడుకుంది. భర్తను రెండో పక్క పడుకోమంది.

ఆయన సిగ్గుతో కట్టెలా బిగుసుకుపోయి పడుకున్నాడు.

"ఇలా కాదండీ. ఇంట్లో ఎలా దొర్లుతారో అలా దొర్లండి."

"అందరూ చూస్తున్నారే..."

"చూడనివ్వండి. ఈ పరుపు సంగతి తేలేది మీ దొర్లుడుతోనే."

పాపం, దొర్లాడు. మొదట మొహమాటంగా, తర్వాత కాస్త ధైర్యంగా. ఆమె కళ్ళు మూసుకుని, క్రేను తాడులో అదురు పసిగట్టినంత శ్రద్ధగా గమనించింది. పక్కన మనిషి ఉన్నట్టే తెలియలేదు. తప్పు పట్టడానికి ఇంకా ఏమైనా దొరుకుతుందా అని వెతుకుతూనే ఒళ్ళు తెలియని నిద్రలోకి జారిపోయింది. సేల్స్‌మన్ లేపబోతే బేకరీ ఆయన వేలు పెదవులకు ఆనించి వారించాడు. పెళ్ళాం ముఖం అంత ప్రశాంతంగా ఉండగా చూసి ఎన్నాళ్ళో అయింది. అక్కడే కూర్చుండిపోయాడు. వచ్చిన వాళ్ళు ఆ నిద్ర చూసి, గుణగణాలేమీ అడక్కుండానే అదే రకం పరుపు చూపించమన్నారు. లేచాక క్రేనక్క జుట్టు ముడేసుకుని, ఏమీ జరగనట్టు, "ఇదే ఇవ్వండి" అంది.

ఇంటికొచ్చిన పరుపు మొదట్లో కొంత సతాయించింది. కొత్త వాసన పోవడానికి కిటికీలన్నీ తెరవాల్సి వచ్చింది. ఒళ్ళు అణిగిన చోట వెచ్చగా అనిపించి, మళ్ళీ చాప వైపు చూసింది కూడా. పట్టు వదలకుండా దానిమీదే పడుకుంది. కొన్నాళ్ళు గడిచాక నడుము పట్టు సడలింది, నిచ్చెన మునుపటిలా ఎక్కింది. భర్త మాత్రం ఏమీ మారలేదు. దొర్లుతూనే ఉన్నాడు, పిసుకుతూనే ఉన్నాడు. ఆమెకే ఆ కదలిక సోకేది కాదు. చెయ్యి భుజం మీదికొస్తే దిండు అందించి మళ్ళీ నిద్రపోయేది.

అత్తగారికే మింగుడుపడలేదు. ఇంత మెత్తదనానికి అలవాటు పడితే ఒళ్ళు చెడుతుందని రోజూ సణిగేది. ఒక మధ్యాహ్నం క్రేనక్క డ్యూటీ నుంచి తొందరగా వచ్చేసరికి, ఆవిడ గబగబా లేచి దుప్పటి దులుపుతోంది.

"దుమ్ముగా ఉంటేనూ..." అంది.

దుప్పటి కింద అణిగిన పరుపు నిదానంగా పైకి లేస్తోంది. ఆవిడ చిన్న భుజం, వంగిన వీపు, ముడుచుకున్న మోకాళ్ళు, అన్నీ అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. ఇద్దరూ అటే చూశారు. క్రేనక్క నవ్వు ఆపుకుంది.

"దిండు కూడా వేసుకోండి అత్తయ్యా, మెడ పట్టేస్తుంది."

ఆవిడ మూతి ముడుచుకుంది. "గోడ పక్కన కాదు, నాకు కిటికీ పక్కన కావాలి" అని మళ్ళీ పరుపెక్కింది. క్రేనక్క బూట్లు విప్పి, గోడ పక్కన వాలింది.